కొరియా విద్యార్థికి 'వేర్' అనే చిన్న మాట దగ్గర వచ్చే చిక్కు

దక్షిణ కొరియాలో ఇంటర్ వయసు పిల్లల సంచిలో పాఠ్యపుస్తకం ఉన్నా లేకపోయినా 'దనొజాంగ్' మాత్రం ఉంటుంది. పేరుకు పుస్తకమే గానీ లోపల ఉండేదంతా పట్టికే. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క దాని కొరియన్ అర్థం. కుడి పక్కను అరచేత్తో మూసేసి, ఎడమ పక్క చూస్తూ అర్థాలు గొణుక్కోవడం అక్కడి చదువులో పెద్ద భాగం. సాయంత్రం హాగ్వొన్‌లో, అంటే ప్రైవేటు ట్యూషన్ సెంటర్‌లో, మాటల పరీక్ష పెడతారు. తప్పిన మాటల్ని తెల్ల కాగితం నల్లబడేదాకా రాయించే అలవాటు కూడా ఉంది, దాని పేరు 'క్కమ్జి'. మన బడుల్లో ఇంపోజిషన్ రాసినవాళ్లకు ఇంతకు మించి వివరణ అక్కర్లేదు.

ఆ పట్టికలో 'వేర్' (wear) అనే ఇంగ్లీషు క్రియకు ఎదురుగా మామూలుగా మొదట కనిపించేది 'ఇప్తా'. బట్టలు వేసుకోవడం అని దానికి అర్థం. పరీక్షలో 'వేర్' అని అడిగితే 'ఇప్తా' అని రాసిన పిల్లవాడికి మార్కు పడుతుంది, ఆ మాట వచ్చేసినట్టే లెక్క. తీరా చూస్తే ఇంగ్లీషువాళ్లు 'వేర్' అనే చోట్లలో చాలావాటికి కొరియన్‌లో 'ఇప్తా' పనికిరాదు. కొరియన్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడంలో ఉన్న ఇబ్బందులు చాలావరకు ఈ ఒక్క క్రియ దగ్గరే కనిపిస్తాయి. అందుకే దాన్ని కాస్త దగ్గరగా చూడడం మంచిది.

ఒంట్లో ఒక్కో చోటికి ఒక్కో క్రియ

చొక్కా, ప్యాంటు, గౌను లాంటివి ఒంటికి వేసుకుంటే కొరియన్‌లో 'ఇప్తా'. బూట్లు, చెప్పులు, సాక్సులు కాళ్లకు వేసుకుంటే 'సిన్తా'. టోపీ, కళ్లజోడు, మాస్కు అయితే 'స్సుదా'. ఉంగరం, చేతి గ్లౌజులు, కాంటాక్ట్ లెన్సులకు 'క్కిదా'. చేతి గడియారానికి 'ఛాదా'. టైకి, సీటు బెల్టుకు 'మేదా'. మెడకు మఫ్లర్ చుట్టుకుంటే 'దురుదా'. చెవి కమ్మలకూ నెక్లెసుకూ 'హదా', అంటే 'చేయు' అనే క్రియతో సరిపెట్టేస్తారు. సెంటు అయితే చల్లుకుంటారు. గడ్డం పెంచుకుంటారు. ఇంగ్లీషులో వీటన్నిటికీ 'వేర్' సరిపోతుంది, సెంటుకూ గడ్డానికీ కూడా.

తీసేసేటప్పుడు మాత్రం ఇన్ని క్రియలు అవసరం లేదు. బట్టలు, బూట్లు, టోపీ, కళ్లజోడు ఏది తీసినా 'బొత్తా' అంటే చాలు. ఉంగరాన్ని 'ప్పేదా' అంటూ లాగాలి, గడియారాన్నీ టైనీ 'పుల్దా' అంటూ విప్పాలి, అంతే. వేసుకునేటప్పుడు ఉన్న పట్టింపు తీసేటప్పుడు ఎందుకు లేదో ఆ భాషకే తెలియాలి.

తెలుగువాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. మనమూ చొక్కా తొడుక్కుంటాం, చీర కట్టుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, శాలువా కప్పుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం. అయితే రెండు భాషలూ గీత గీసే చోటు ఒకటి కాదు. కొరియన్ ముఖ్యంగా ఒంట్లో ఏ భాగం అని చూస్తుంది. తెలుగు ఆ వస్తువు ఒంటిని ఎలా పట్టుకుంటుందో ఎక్కువగా చూస్తుంది. చీరైనా చొక్కా అయినా కొరియన్‌కు 'ఇప్తా'నే. మనకు చీర వేసుకోవడం అంటే చెవికి ఎబ్బెట్టు. చొక్కా, చెప్పులు రెండిటికీ మనం 'వేసుకో' అనే అంటాం, కొరియన్‌లో చెప్పులకు 'ఇప్తా' అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు.

మరో చిత్రమైన పోలిక ఉంది. ఈ క్రియలన్నిటినీ కలిపి చెప్పే ఒక మాట మనకూ ఉంది, 'ధరించు'. సంస్కృతం నుంచి వచ్చింది, బోర్డుల మీదా ప్రకటనల్లోనూ బతుకుతుంది, ఇంట్లో ఎవరూ వాడరు. కొరియన్‌లోనూ అచ్చం అలాంటిదే ఉంది, 'చాగ్యొంగ్'. చైనా మూలాల నుంచి వచ్చింది, సీటు బెల్టు ప్రకటనల్లో, కొవిడ్ రోజుల మాస్కు బోర్డుల్లో కనిపిస్తుంది. తల్లి బిడ్డతో టోపీ 'చాగ్యొంగ్' చేయమని చెప్పదు, మన తల్లి టోపీ ధరించమని చెప్పనట్టే. 'వేర్'కు నిజంగా సరిపోయే అర్థం ఇదే. కానీ ఇది బోర్డు భాష. 'వేర్' వంటింట్లోనూ వాడే మాట. అందుకే పట్టిక రాసేవాళ్లు రోజువారీ మాటైన 'ఇప్తా'ను ముందు పెడతారు. అర్థం సగమే వచ్చినా ఆ మాటలో ఇంటి వాసన ఉంది.

చదివేటప్పుడు ఈ సగం అర్థంతో నష్టమేమీ లేదు. 'షీ వేర్స్ గ్లాసెస్' అని చదివిన కొరియన్ విద్యార్థి తికమక పడడు, వాక్యమే అర్థాన్ని సర్దేస్తుంది. మాట్లాడేటప్పుడూ రాసేటప్పుడూ కథ మారిపోతుంది. కళ్లజోడు అనగానే మనసులోకి వచ్చేది 'స్సుదా'. అదే శబ్దంతో కొరియన్‌లో ఇంకా మాటలున్నాయి: రాయడం, వాడడం, చివరికి చేదుగా ఉండడం కూడా. మాటల పట్టికలో 'స్సుదా' కనిపించేది 'రైట్' పక్కన, 'యూజ్' పక్కన. 'ఐ యూజ్ గ్లాసెస్' లాంటి వాక్యాలు పుట్టేది ఇక్కడే. సీటు బెల్టుకు 'మేదా' కదా, 'మేదా' అంటే ముడివేయడం, ఇంగ్లీషులో 'టై' కదా అని లెక్క వేసుకుంటే బెల్టును ముడివేయమని చెప్పినట్టవుతుంది. అలా మాట్లాడే వ్యక్తికి 'వేర్' రాదని కాదు. 'వేర్' వైపు వెళ్లే దారులు ఏడెనిమిది ఉండాల్సిన చోట పట్టిక ఒక్కటే వేసి వదిలేసింది.

ఫ్యాక్టరీల్లో కనిపించే భద్రతా బోర్డును గుర్తు తెచ్చుకుంటే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. హెల్మెట్, గ్లౌజులు, బూట్లు అన్నిటికీ ఇంగ్లీషు బోర్డు మీద ఒకటే క్రియ. దాన్ని చదివే కొరియన్ మనసులో మూడు క్రియలు మెదులుతాయి, తెలుగువాడి మనసులో కనీసం రెండు. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల ఫ్యాక్టరీ లాంటి చోట కొరియన్లూ తెలుగువాళ్లూ మాట్లాడుకోవాలంటే మధ్యలో చాలావరకు ఇంగ్లీషే దిక్కు. ఇద్దరూ ఇంట్లో ఇన్నేసి క్రియలు వాడేవాళ్లే, ఇద్దరూ పనిచోట ఒక్క 'వేర్'తో సర్దుకునేవాళ్లే.

వేసుకుంటున్నాడా, వేసుకుని ఉన్నాడా

ఏ వస్తువుకు ఏ క్రియ అన్నది తేలినా 'వేర్' కథ పూర్తి కాదు. ఇంగ్లీషులో 'వేర్' స్థితిని చెబుతుంది, 'పుట్ ఆన్' పనిని చెబుతుంది. చొక్కాలోకి చేతులు దూరుస్తున్నంతసేపూ 'పుట్టింగ్ ఆన్', దూర్చేశాక రోజంతా 'వేరింగ్'. కొరియన్‌లో 'ఇప్కో ఇత్తా' అంటే సందర్భాన్ని బట్టి రెండు అర్థాలూ వస్తాయి, ఇప్పుడు వేసుకుంటున్నాడనీ, వేసుకుని ఉన్నాడనీ. మనిషిని గుర్తుపట్టి చెప్పాలంటే 'ఎర్ర చొక్కా వేసుకున్న మనిషి' అని మనం జరిగిపోయిన పనితో చెప్పినట్టే కొరియన్లూ చెబుతారు. అదే అలవాటు ఇంగ్లీషులోకి వస్తే, ఎదురుగా నిలబడ్డ మనిషి గురించి 'హీ వోర్ ఎ రెడ్ షర్ట్' అనేస్తారు. వినేవాళ్లకు అది నిన్నటి సంగతిలా ఉంటుంది. మన దగ్గర కూడా ఈ వాక్యం వినపడకపోదు.

ఈ చిన్న తేడా కొరియాలో ఉద్యోగం వెతుక్కునే కుర్రవాళ్లకు బాగా తెలిసిన విషయం, దానికి కారణం టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష. ఈటీఎస్ సంస్థ తయారుచేసే ఈ పరీక్ష 1979లో జపాన్‌లో మొదలై 1982లో కొరియాకు వచ్చింది. మొత్తం స్కోరు 990. ఎన్నో కంపెనీలు దరఖాస్తులో ఆ అంకె అడుగుతాయి. మొదటి భాగంలో ఫొటో చూపిస్తారు, నాలుగు వాక్యాలు వినిపిస్తారు, ఆ వాక్యాలు కాగితం మీద ఉండవు. 2016 మార్పుల తర్వాత ఇలాంటి ఫొటోలు ఆరు. ఫొటోలో కోటు తొడుక్కుని నిలబడ్డ మనిషి ఉంటే, 'హీ ఈజ్ పుటింగ్ ఆన్ ఎ జాకెట్' అనే వాక్యం వలలా పరిచి ఉంటుంది. కోటు అన్న మాట వినపడగానే దాన్ని పట్టుకున్నవాడు పడిపోతాడు. అందుకే టోయిక్ కోచింగ్‌లో తొలి పాఠాల్లోనే చెప్పేస్తారు: 'వేర్' స్థితి, 'పుట్ ఆన్' చర్య, ఫొటోలో కదలిక పట్టుబడితే తప్ప రెండోది పెట్టొద్దు. పరీక్ష చిట్కాగా మొదలైనా, 'వేర్' గురించి పట్టిక చెప్పని ముఖ్యమైన సంగతి విద్యార్థికి దీనివల్లే తెలుస్తుంది. పరీక్షల మీద ఎంత విసుగున్నా ఈ మేలు ఒప్పుకోవాలి.

బిగుతును చూసే భాష

ఉంగరానికి వాడే 'క్కిదా'ను ఇంకాస్త వెంబడిస్తే భాషాశాస్త్రంలో పేరున్న చర్చ ఒకటి ఎదురవుతుంది. 1991లో సూన్‌జా చొయ్, మెలిస్సా బోవర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు, కొరియన్ నేర్చుకుంటున్న చిన్నపిల్లల మాటల్ని పోల్చి 'కాగ్నిషన్' పత్రికలో వ్యాసం ప్రచురించారు. ఇంగ్లీషు పిల్లలకు గిన్నెలో యాపిల్ వేయడం, కేసులో క్యాసెట్ పెట్టడం రెండూ 'ఇన్'. బల్ల మీద కప్పు పెట్టడం, వేలికి ఉంగరం తొడగడం రెండూ 'ఆన్'. కొరియన్ పిల్లల లెక్క వేరు. కేసులోకి క్యాసెట్, వేలికి ఉంగరం, పెన్నుకు మూత, ఒకదానికొకటి అతికే ప్లాస్టిక్ ఇటుకలు, ఇవన్నీ 'క్కిదా'నే, ఎందుకంటే రెండు వస్తువులూ బిగుతుగా ఇమిడాయి. గిన్నెలో యాపిల్ వదులుగా పడింది కాబట్టి దానికి ఇంకో క్రియ. రెండేళ్లు నిండకముందే ఏ భాష పిల్లలు ఆ భాష గీతల ప్రకారం మాట్లాడడం మొదలుపెడతారని వాళ్లు గమనించారు.

2004లో 'నేచర్' పత్రికలో సూసన్ హెస్పోస్, ఎలిజబెత్ స్పెల్కీ ఇంకో ముక్క కలిపారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని ఐదు నెలల పసివాళ్లు కూడా బిగుతుకూ వదులుకూ ఉన్న తేడాను గుర్తుపడుతున్నారు. ఆ ఇళ్లలోని పెద్దలు మాత్రం దాన్ని పెద్దగా పట్టించుకోరు. పుట్టినప్పుడు అందరికీ ఉన్న చూపును కొరియన్ పదును పెడుతుంది, ఇంగ్లీషు పక్కన పెట్టేస్తుంది.

ఇరవై ఏళ్ల కొరియన్ కుర్రవాడు 'ఇన్', 'ఆన్' నేర్చుకోవడం అంటే ఆ బిగుతును కావాలని మర్చిపోవడం. అతని 'క్కిదా' ఒక్కటీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి వేర్, పుట్ ఇన్, పుట్ ఆన్, ఇన్సర్ట్, ఫిట్ అని చీలిపోతుంది. 'వేర్' దగ్గర పదింటిని ఒకటి చేసుకోవాలి, 'క్కిదా' దగ్గర ఒకదాన్ని ఐదు చేసుకోవాలి. పట్టికలో రెండూ ఒక్కో వరుసే ఆక్రమిస్తాయి.

తెలుగు ఇక్కడ మూడో దారిలో నడుస్తుంది. వేలికి ఉంగరం, సీసాకు మూత, గోడకు మేకు, చొక్కాకు బొత్తాం. అంటిపెట్టుకుని ఉండేవాటికి 'కి' వాడతాం, ఊరికే పైన ఉండేవాటికి 'మీద', లోపల ఉండేవాటికి 'లో'. వేలి మీద ఉంగరం అంటే మనకు అది తొడిగినట్టు ఉండదు, వేలి పైన ఆనించినట్టు ఉంటుంది. ఇంగ్లీషు విభక్తుల్లో మన పిల్లలు తడబడే చోట్లు కొన్ని అచ్చం కొరియన్ పిల్లలు తడబడే చోట్లే కావడానికి కారణం ఇదే కావచ్చు.

కొన్ని చోట్ల కొరియన్, తెలుగు పక్కపక్కనే నిలబడి ఇంగ్లీషును చూసి ఆశ్చర్యపోతాయి. ఇంగ్లీషువాళ్ల 'రైస్' పొలంలో ఉన్నా, బస్తాలో ఉన్నా, కంచంలో ఉన్నా రైసే. కొరియన్‌లో 'ప్యొ', 'స్సాల్', 'బాప్' అని మూడు, మనకు వరి, బియ్యం, అన్నం ఉన్నట్టు. నాచు రేకులో అన్నం చుట్టి చేసే కింబాప్‌లోని బాప్ ఈ మూడోదే. అన్నా తమ్ముడూ తేడా లేని 'బ్రదర్' కూడా అంతే. కొరియన్‌లో అయితే అన్నను పిలిచేది తమ్ముడా చెల్లెలా అన్నదాన్ని బట్టి కూడా మాట మారుతుంది: తమ్ముడికి 'హ్యొంగ్', చెల్లెలికి 'ఒప్పా'. కొరియన్ సీరియళ్లు చూసేవాళ్లకు ఈ సంగతి కంఠతా వచ్చు.

తిరకాసు పెట్టేవి ఇంకో రకం. కొరియన్ 'యాక్సోక్' అంటే మాట ఇవ్వడం, ఫలానా టైముకు కలుద్దామని అనుకోవడం కూడా. పట్టికలో దాని ఎదురుగా 'ప్రామిస్' ఉంటే, సాయంత్రం స్నేహితుణ్ని కలవాల్సినవాడు 'ఐ హావ్ ఎ ప్రామిస్' అంటాడు. 'నోల్దా' అంటే ఆడుకోవడం, పెద్దవాళ్లు కలిసి కబుర్లు చెప్పుకుంటూ కాలక్షేపం చేయడం కూడా. అందుకే ముప్పై ఏళ్ల ఉద్యోగి 'నిన్న ఫ్రెండ్స్‌తో ప్లే చేశాను' అంటే అతను బంతి పట్టుకున్నాడని అనుకోనక్కర్లేదు.

ముందే తెలిసిన ఇంగ్లీషు

కొరియన్ పిల్లలు దనొజాంగ్ తెరవకముందే వందల ఇంగ్లీషు మాటలు వాడుతుంటారు. 'వేర్' కూడా వాళ్లకు కొత్త కాదు. 'అండర్‌వేర్'లో ఉంది, ఒంటికి తగిలించుకునే పరికరాల్ని 'వేరబుల్' అంటారు కాబట్టి అందులోనూ ఉంది. 'సాఫ్ట్‌వేర్'లో ఉన్నది వేరే మాట, కానీ కొరియన్ లిపిలో రెండూ ఒకేలా 'వెఒ' అనే పడతాయి. తెలుగులోనూ రెండూ 'వేర్' అనే రాస్తాం, ఎవరూ కంగారు పడలేదు.

కంగారు పెట్టేవి అర్థం మారిపోయినవి. కొరియాలో 'హ్యాండిల్' అంటే కారు స్టీరింగ్. వెనక వచ్చే బండ్లను చూసే అద్దం 'బ్యాక్ మిర్రర్'. హారన్ 'క్లాక్సన్'. 'నోట్‌బుక్' అంటే ల్యాప్‌టాప్. పరీక్షలో కాపీ కొట్టడం 'కన్నింగ్'. హోటల్‌వాడు డబ్బు తీసుకోకుండా అదనంగా పెట్టే ప్లేటు 'సర్వీస్'. అబ్బాయిలూ అమ్మాయిలూ గుంపుగా పరిచయం చేసుకునే కార్యక్రమం 'మీటింగ్'. వీటిలో కొన్ని జపాన్ మీదుగా వచ్చాయి. ఇలాంటి ఇంగ్లీషును కొరియన్లే 'కాంగ్లిష్' అంటారు, కాస్త చిన్నచూపుతో.

'టెన్షన్' కథ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మనకు టెన్షన్ అంటే ఆందోళన, రిజల్ట్స్ ముందు రాత్రి ఉండేది. కొరియన్‌లో ఒకరి 'టెన్షన్' ఎక్కువగా ఉందంటే ఆ మనిషి మంచి హుషారులో ఉన్నాడని, నలుగురిలో సందడి చేస్తున్నాడని. కొరియన్ సహోద్యోగి 'నీకు టెన్షన్ చాలా ఎక్కువ' అని మెచ్చుకుంటే తెలుగువాడు బీపీ చూపించుకోవాలేమో అనుకునే ప్రమాదం ఉంది. ఒకే ఇంగ్లీషు మాట రెండు దేశాల్లో రెండు వైపులకు నడిచింది, అసలు ఇంగ్లీషు అర్థానికి మనది కాస్త దగ్గరగా ఉందంతే.

ఈ మాటల్ని టీచర్లు తప్పులుగా కొట్టిపారేయడం మామూలు. కానీ 2021 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ కొరియా నుంచి వచ్చిన 20కి పైగా మాటల్ని ఒకేసారి చేర్చుకున్నప్పుడు, కింబాప్, హల్యు (కొరియన్ సినిమాలు, పాటల ప్రభంజనం) లాంటి వాటితో పాటు, చేతులు పట్టుకోవడం, కౌగిలించుకోవడం లాంటి చనువును చెప్పే 'స్కిన్‌షిప్', ఉత్సాహపరచడానికి అరిచే 'ఫైటింగ్', చివరికి 'కాంగ్లిష్' అనే మాట కూడా లోపలికి వెళ్లాయి. తప్పు అని చెప్పడానికి టీచర్ల దగ్గరున్న ఆధారం కొంత సడలింది.

చెవికి ఒకటే వినిపించే రెండు మాటలు

కొరియన్‌లో 'ఫ' లేదు, 'వ్' అనే పెదవి-పంటి శబ్దం లేదు, 'జీ'కీ 'జడ్'కూ తేడా లేదు, ర, ల రెండూ ఒకే అక్షరంలో సర్దుకుంటాయి. అందుకే 'ఫ్యాషన్', 'ప్యాషన్' రెండూ కొరియన్ లిపిలో ఒకేలా రాస్తారు. 'ఫైల్', 'పైల్' కూడా ఒకటే. 'రైస్' అంటే అన్నమో, 'లైస్' అంటే పేలో సందర్భం చూసి తెలుసుకోవాలి. హల్లు తర్వాత హల్లు వచ్చే చోట చిన్న అచ్చు చేరుతుంది కాబట్టి ఒక్క అక్షరఖండమున్న 'స్ట్రైక్' అక్కడ 'సు-తు-రా-యి-కు' అని అయిదవుతుంది. మన 'బస్సు', 'కారు', పల్లెటూళ్ల 'ఇస్కూలు' కూడా ఆ బాపతే. కాకపోతే సంస్కృతం పుణ్యమా అని 'స్త్రీ', 'శాస్త్రం' పలికే నోటికి 'స్ట్రీట్' పెద్ద పని కాదు. కొరియన్ నోటికి ఆ అభ్యాసం లేదు.

2008 జనవరిలో ఈ విషయం రాజకీయమైంది. కొత్త అధ్యక్షుడు ఇ మ్యొంగ్-బాక్ పదవి చేపట్టే ముందు ఏర్పాట్లు చూసే కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్న ఇ గ్యొంగ్-సుక్, అమెరికాలో కొరియన్ పద్ధతిలో 'ఓరెంజి' అంటే ఎవరికీ అర్థం కాలేదని, ఇంకో రకంగా పలికితే అర్థమైందని, విదేశీ మాటల్ని కొరియన్‌లో రాసే నియమాలనే మార్చాలని ఒక సభలో అన్నారు. ఆ నియమాలు 1986 నుంచి అమల్లో ఉన్నవి. దేశమంతా ఆ ఉచ్చారణను పట్టుకుని ఆటపట్టించింది. ఎగతాళి పక్కన పెడితే ఆమె సమస్యను సరిగ్గానే చూశారు, మందు తప్పు చెప్పారు. కొరియన్ లిపిలో రాసిన నారింజ కొరియన్ల కోసం. లిపి మార్చినంత మాత్రాన నోరు మారదు.

పెద్ద మాట తేలిక, చిన్న మాట కష్టం

ఇంత చెప్పాక ఒక విచిత్రం మిగిలి ఉంది. దనొజాంగ్‌లలో 'వేర్' ప్రాథమిక స్థాయి మాట. కొరియాలో 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలవుతుంది, ఇలాంటివి చిన్న తరగతుల్లోనే అయిపోయినట్టు లెక్క. 'ఫిలాసఫీ', 'డెమోక్రసీ' లాంటివి పై స్థాయి. కొరియన్ విద్యార్థి కోణం నుంచి చూస్తే ఈ వరుస తలకిందులు. 'ఫిలాసఫీ'కి కొరియన్‌లో 'చొల్హాక్' ఉంది, 'డెమోక్రసీ'కి 'మిన్జుజుఉయి' ఉంది. ఇలాంటి మాటలు 19వ శతాబ్దంలో యూరప్ భావాల్ని అనువదించడానికే జపాన్‌లో చైనా అక్షరాలతో కూర్చి, అక్కడి నుంచి కొరియాకు తెచ్చుకున్నవి. 'ఫిలాసఫీ'కి ఆ మాట కట్టింది జపాన్ మేధావి నిషి అమానె. ఇంగ్లీషు మాటకు కొలిచి కుట్టినవి కాబట్టి అతికినట్టు సరిపోతాయి, అక్షరాల కష్టం తప్ప అర్థం కష్టం లేదు. మన ప్రజాస్వామ్యం కూడా అలా కట్టుకున్న మాటే. పట్టిక పద్ధతి ఇలాంటి వాటికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వేల ఏళ్లుగా తన దారిన తాను పెరిగిన 'క్కిదా'కూ 'వేర్'కూ అది పనిచేయదు.

జ్ఞాపకశక్తి చిట్కాలది కూడా ఇదే పరిమితి. ఇంగ్లీషు మాటలా వినిపించే సొంత భాష మాటను పట్టుకుని, రెండిటినీ కలిపే బొమ్మ ఊహించుకోమనే పద్ధతి కొరియాలో బాగా అమ్ముడుపోతుంది. 1975లో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ అట్కిన్సన్, మైకేల్ రావ్ రష్యన్ మాటల మీద ప్రయోగం చేసి ఈ కీలకపద పద్ధతి పనిచేస్తుందని చూపించారు. కొన్నిసార్లు చిట్కా కూడా అక్కర్లేదు: కొరియన్‌లో 'మానీ' అంటే ఎక్కువగా అని, ఇంగ్లీషు 'మెనీ'తో కాకతాళీయంగా కలిసిపోయింది. అయితే ఈ పద్ధతి విద్యార్థిని పట్టికలోని అర్థం దాకానే తీసుకెళ్తుంది. ఆ అర్థం సగమైతే సగం దగ్గరికి వేగంగా చేరతాడు.

మరి ఇన్నేళ్లుగా పట్టిక ఎందుకు నిలిచింది అంటే పరీక్ష దాన్నే కోరుతోంది కాబట్టి. ప్రతి నవంబరులో జరిగే సునుంగ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషుకు 70 నిమిషాలు, 45 ప్రశ్నలు. 17 విని రాసేవి, 28 చదివి రాసేవి. ఆ వినే భాగం నడుస్తున్నంతసేపూ దేశమంతటా విమానాలు దిగవు, ఎగరవు. అంత శ్రద్ధ పెట్టినా అన్నీ జవాబు ఎంచుకునే ప్రశ్నలే, విద్యార్థి ఒక్క ఇంగ్లీషు వాక్యం కూడా సొంతంగా కూర్చనక్కర్లేదు. 2017 నవంబరు పరీక్ష నుంచి ఇంగ్లీషుకు పోటీ ర్యాంకింగ్ తీసేసి 90 గానీ అంతకు మించి గానీ వస్తే మొదటి గ్రేడు అన్నారు, ఒత్తిడి తగ్గించాలని. ప్రశ్నల తీరు మాత్రం మారలేదు. మాట్లాడడం, రాయడం కూడా పరీక్షించేలా నీట్ అనే జాతీయ ఇంగ్లీషు పరీక్షను ప్రభుత్వం తయారుచేయించింది. మన మెడికల్ నీట్‌తో దీనికి సంబంధం లేదు. సునుంగ్ ఇంగ్లీషు స్థానంలో అదే వస్తుందనుకున్నారు, 2012లో మొదలై కొన్నేళ్లకే మూతపడింది. గుర్తుపట్టడమే చాలనే చోట 'వేర్'కు 'ఇప్తా' చాలు.

ఆ మాట నోట్లోంచి రావాల్సిన రోజు మామూలుగా కాలేజీ చివర్లో వస్తుంది. కంపెనీల్లో చాలా ఇప్పుడు టోయిక్ స్పీకింగ్ లాంటి మాట్లాడే పరీక్షల స్కోరు కూడా అడుగుతున్నాయి. అందులో తెర మీద ఫొటో చూపించి, అందులో ఉన్నది మైకులో చెప్పమంటారు. తయారవడానికి ఇచ్చేది ఒక నిమిషం కూడా ఉండదు. ఫొటోలో మనుషులున్నారంటే వాళ్లు ఏం వేసుకున్నారో చెప్పడం కోచింగ్‌లో నేర్పే తేలికైన దారి, కాబట్టి టోపీ, కళ్లజోడు, గ్లౌజులు, ఏప్రన్ అన్నిటినీ 'వేరింగ్' అంటూ తడబడకుండా చెప్పడం అభ్యాసం చేస్తారు. చిన్న తరగతుల్లో అయిపోయిందనుకున్న మాటను వాళ్లలో చాలామంది మొదటిసారి పూర్తిగా వాడేది ఆ అభ్యాసంలోనే.